రెండు మడమలు

"ఈ కిటికీ ఎవరు తీశారు?" అంది పరస్కీవ గుమ్మంలో నిలబడే.

వంటింట్లో ఉన్నది స్మరాండ ఒక్కతే. అయినా అత్తగారు ఎప్పుడూ "నువ్వు తీశావా" అని అడగదు. దొంగ ఎవడో వచ్చి తీసి వెళ్ళినట్టు, "ఎవరు తీశారు" అనే అడుగుతుంది.

"నేనే అత్తయ్యా. ఉల్లిపాయ వేగుతోంది. కాస్త పొగ పోనీండి."

"పొగకి మన వీధిలో ఎవరూ పోలేదు. గాలికి పోయారు." పరస్కీవ కిటికీ మూసి, గడియ పెట్టి, చెక్కల మధ్య సందులో పాత గుడ్డ మడిచి దూర్చింది. "అటు తలుపు బార్లా, ఇటు కిటికీ బార్లా. మధ్యలో మనిషి కూర్చుంటే గాలి కత్తిలా కోసేయదూ?"

"మధ్యలో ఎవరూ లేరు కదండీ."

"మీ మామగారు వస్తాడుగా!"

ఒల్తేనియా ప్రాంతంలోని ఈ కుమ్మరుల ఊళ్ళో గాలి మాట వస్తే ఎవరూ నవ్వరు. ఎదురుబొదురు తలుపుల మధ్య దూసుకుపోయే గాలి తగిలితే పచ్చి పళ్ళెం ఒకపక్క ముందు ఆరి, అంచు వంకరపోయి, పొద్దుటికి పగులుతుంది. అది అందరూ కళ్ళారా చూసేదే. పళ్ళేన్ని పగలగొట్టే గాలి మనిషిని వదులుతుందా అని ఇక్కడి వాళ్ళ నమ్మకం. పంటి నొప్పి, మెడ పట్టు, చెవి పోటు, పసిపిల్లల ఏడుపు, అన్నిటికీ ఎవరో ఎక్కడో తలుపు వేయకపోవడమే కారణం. స్మరాండ క్రయోవా పట్నంలో పెరిగి, అక్కడే కాలేజీలో చదివింది. వంటచేసేటప్పుడు కిటికీ తీసే అలవాటు ఆమెతోపాటు ఈ ఇంటికి వచ్చింది. పెళ్ళై ఇన్నేళ్ళయినా అత్తాకోడళ్ళ మధ్య గట్టి పోట్లాట ఏదైనా ఉందంటే అది ఈ ఒక్క కిటికీ గురించే.

మామగారు గ్లిగోర్ వచ్చాడు. గోడ పట్టుకుని వచ్చాడు. రోజూ రెండంగల్లో దాటే గడప దగ్గర ఒక క్షణం ఆగి, కుడికాలు పక్కకి తిప్పి లోపల పెట్టి, కుర్చీలో మెల్లగా కూలబడ్డాడు.

"ఏమైంది?" అంది పరస్కీవ.

"ఏం కాలేదు. మడమ వెనక కొంచెం లాగుతోంది."

పరస్కీవ కిటికీ వైపు చూసింది, కోడలి వైపు చూసింది, మళ్ళీ కిటికీ వైపు చూసింది. ఆ మూడు చూపులకన్నా తిట్టి ఉంటే నయమనిపించింది స్మరాండకి.

"జ్వరం నిన్ననేగా తగ్గింది, ఒళ్ళు పచ్చిగా ఉంది. పచ్చి ఒంటికి గాలి తగిలింది," అంది పరస్కీవ. పింగాణీ చక్కెర గిన్నె మూత తీసి, అందులోంచి చిన్న తెల్ల బిళ్ళ ఒకటి భర్త కాఫీ గిన్నె పక్కన పెట్టింది. ఆ పక్కనే ఇంకో పెద్ద బిళ్ళ పెట్టింది. చిన్నది ఆయన రోజూ వేసుకునే నడుం బిళ్ళ. ఇంట్లో దాని పేరు అంతే. పెద్దది మొన్న ఆదివారం పట్నంలో అత్యవసర క్లినిక్కులో ఇచ్చింది. మూత్రంలో మంట, చలిజ్వరం వస్తే పరస్కీవే తీసుకెళ్ళింది. మంట రెండు రోజుల్లో తగ్గింది. కోర్సు పూర్తయ్యేదాకా ఆపకూడదని డాక్టరు చెప్పాడని ఆవిడ ఒక్క పూట తప్పకుండా వేయిస్తోంది.

దోరు లోపలికి వచ్చి, తల్లి ముఖం, పెళ్ళాం ముఖం చూసి, "కిటికీనా?" అన్నాడు.

"నీకు నవ్వులాటగా ఉంది," అంది తల్లి. "సంతకి ఇంకెంతో టైము లేదు. మీ నాన్న కాలు పడుకుంటే సారె నువ్వు తిప్పుతావా?"

"నేను తిప్పితే పళ్ళేలు కావు, టోపీలు వస్తాయి," అన్నాడు దోరు. ఆవం పేర్చడం, కాల్చడం అతని పని. సారె మీద అతని చెయ్యి కుదరలేదని చిన్నప్పుడే తేలిపోయింది.

గ్లిగోర్ రెండు బిళ్ళలూ ఒకేసారి నోట్లో వేసుకుని కాఫీ తాగాడు. "అమ్మాయ్, ఉల్లిపాయ మాడుతోంది," అన్నాడు మెల్లగా.

*

పని గదిలో ఇద్దరిదీ చెరో మూల. గ్లిగోర్ సారె కిటికీ వైపు. ఆ కిటికీకి మేకులు కొట్టేసి చాలా కాలమైంది. బల్ల మీద కూర్చుని, ఎడమకాలు అడ్డకర్ర మీద ఆనించి, కుడిపాదంతో కింది చక్రాన్ని తంతూ ఉంటాడు. పైచక్రం మీద బంకమన్ను ముద్ద రెండు అరచేతుల మధ్య లేచి, వాలి, విచ్చుకుని పళ్ళెం అవుతుంది. పియరు పండ్ల చెట్టు చెక్కతో అంచు ఒత్తి, తీగతో అడుగు కోసి, రెండు చేతులా ఎత్తి పలక మీద పెడతాడు. ఆ పళ్ళేన్ని స్మరాండ అందుకుంటుంది. తెల్లమట్టి పూత పోసి, చిన్న తిరుగుడు పీట మీద పెట్టి తిప్పుతూ, ఎద్దు కొమ్ముకి బిగించిన బాతు ఈకలోంచి గోధుమరంగు చుక్కలుగా వదులుతుంది. చుక్కలు సాగి వలయాలవుతాయి. పూత తడి ఆరకముందే సన్నటి తీగ కుంచెతో వలయాలని అడ్డంగా లాగితే సాలెగూడులా అల్లుకుంటాయి. పళ్ళేలు చేయడం మగవాళ్ళ పని, రంగులు వేయడం ఆడవాళ్ళ పని అని ఇక్కడ రివాజు. ఈ పని స్మరాండకి నేర్పింది పరస్కీవే. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆవిడ కొమ్ము కోడలికిచ్చి, ఇప్పుడు మన్ను పిసుకుతోంది.

స్మరాండ పనిచేసేటప్పుడు సారె వైపు చూడదు, వింటుంది. తన్ను, తిరుగుడు, తన్ను, తిరుగుడు. ఆ చప్పుడు ఊపిరిలా సమంగా ఉంటుంది. ఇవాళ సమంగా లేదు. తన్ను పడ్డాక చక్రం తిరుగుతూ తిరుగుతూ నీరసించిపోయేదాకా రెండో తన్ను పడడం లేదు. ఆమె కొమ్ము పైకెత్తి అటు చూసింది. మామగారు పాదం మడమతో కాకుండా పక్క అంచుతో చక్రాన్ని నెడుతున్నాడు. ముద్ద చేతుల మధ్య తూలింది. అంచు ఒకవైపు లేచింది. ఆయన దాన్ని చేత్తో నలిపి పక్కన పడేశాడు.

"మామయ్యా, ఇవాళ్టికి చాలించండి."

"వేడెక్కితే అదే వదులుతుంది. మీ అత్తయ్యకి మాత్రం చెప్పకు. క్యాబేజీ ఆకులు కడుతుంది."

అత్తగారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. సాయంత్రానికి ఆవిడే క్యాబేజీ ఆకుల్ని సీసాతో నలిపి, మడమకి చుట్టి, పైన ఉన్ని గుడ్డ కట్టింది. "ఈ ఏడు సంతలో నువ్వు సారె మీద కూర్చోకపోతే ఎగువ వీధి కుమ్మరులు ఏమంటారు? గ్లిగోర్ పని అయిపోయిందనరూ? బేరాలన్నీ అటే పోవూ?" అంటూనే ఆ ముడి ఎంతో మెత్తగా వేసింది.

సంత రోజున చర్చి ముందు మైదానంలో కుమ్మరులందరూ సారెలు వరసగా వేసుకుని జనం ముందు పళ్ళేలు చేస్తారు. గ్లిగోర్ మాటకారి కాదు. కానీ ఆ ఒక్కరోజు మాత్రం టోపీ వెనక్కి నెట్టుకుని, కళ్ళు మూసుకుని పళ్ళెం లేపుతాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. పరస్కీవ వెనక నిలబడి, ఏమీ పట్టనట్టు పళ్ళేలు తుడుస్తూ, చప్పట్లు ఎంతసేపు మోగాయో వింటుంది. అది స్మరాండ ప్రతి ఏడూ చూస్తూనే ఉంది.

*

మర్నాడు తుదోరా వచ్చింది, దోరు జ్ఞానస్నానం నాడు అతనికి తల్లిగా నిలిచినావిడ. వాళ్ళది పక్కిల్లే. ప్లమ్ సారా సీసా చంకలో పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, పెరట్లో బట్టలారేస్తున్న స్మరాండకి వినపడేలా గొంతు తగ్గించింది.

"పట్నం పిల్లలంతే పరస్కీవా. గాలీ వెలుతురూ అంటారు. మా చెల్లెలి కోడలు శీతాకాలంలో కూడా తీసి పెడుతుంది. ఆ ఇంట్లో అందరికీ మెడలు పట్టేశాయి."

"మంచి పిల్లే," అంది పరస్కీవ. "చెబితే వినదు, అంతే."

"రేపు పొద్దున్న వచ్చి నేను లాగుతాను. ఈ సారాతో రుద్ది, పాదం రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజితే నరం దాని చోటికి అది వస్తుంది. పాదిరి గారి మోకాలు నేనే కదూ బాగుచేసింది!"

"ఆయన ఇంకా కుంటుతూనే ఉన్నాడుగా."

"అది వేరే కాలు!"

స్మరాండ నవ్వాపుకుని దుప్పటి దులిపింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సాయంత్రం కొట్లో సబ్బుకి వెళితే, కొట్టావిడ సబ్బు ఇస్తూ, "మామగారికి ఎలా ఉంది? గాలి కొట్టిందటగా," అంది. అని ఆమె చేతుల వైపు చూసింది. కిటికీ తీసిన చేతులు అవేనన్నట్టు.

ఇంటికి వచ్చి మెట్ల దగ్గర చెప్పులు సర్దుతుంటే మామగారి బూట్లు కనిపించాయి. మట్టి దులిపి ఎండలో పెడదామని తీసింది. కుడి బూటు వెనకభాగం లోపలికి తొక్కేసి ఉంది. మడమకి తగలకుండా తొక్కుకుని నడుస్తున్నాడన్న మాట, పాపం. ఎడమ బూటు తీసింది. అదీ అలాగే తొక్కేసి ఉంది.

స్మరాండ రెండు బూట్లూ చేతుల్లో పట్టుకుని కాసేపు అక్కడే నిలబడింది. ఈ బూట్లు ఈస్టరుకి కొన్నవి. బూటు వెనక తొక్కేవాళ్ళని చూస్తే గ్లిగోర్‌కి ఒళ్ళు మంట. కొడుకుని చిన్నప్పుడు దానికే కొట్టేవాడట.

పని గదిలో మామగారు బల్ల మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"మామయ్యా, ఎడమకాలు కూడా నొప్పా?"

ఆయన తలుపు వైపు చూశాడు. "అదీనూ. మీ అత్తయ్యకి చెప్పకు. చెబితే రెండో కిటికీకి కూడా మేకులు కొట్టిస్తుంది."

"ఎప్పటినుంచి?"

"కుడిదాంతో పాటే. మంగళవారం మెట్లు దిగుతుంటే రెండూ కలిసి పట్టాయి. పొద్దున్నే మంచం దిగితే మడమల వెనక ఎవరో తాళ్ళు బిగించి కట్టినట్టుంటుంది."

స్మరాండ వంగి చూసింది. కుడి మడమ పైన వేలి పొడవున వాచి, ఎర్రగా ఉంది. ఎడమది అంతగా లేదు కానీ, వేలు తాకించగానే ఆయన పళ్ళు బిగించాడు.

ఆ రాత్రి అంట్లు తోముతూ అదే ఆలోచించింది. చక్రం తన్నేది కుడికాలు. ఎడమకాలికి ఏ పనీ లేదు, అడ్డకర్ర మీద పడుకుని ఉంటుంది. పనివల్ల వచ్చిన నొప్పయితే దానికెందుకొస్తుంది? పోనీ గాలే అనుకుందాం. వంటింట్లో ఆయన కుర్చీకి ఎడమవైపు గోడ, కుడివైపు కిటికీ. గాలి గోడలోంచి రాదు కదా. పైగా ఇన్నేళ్ళు లేనిది ఈ వారమే ఎందుకొచ్చింది? ఈ వారం కొత్తగా ఇంట్లోకి వచ్చింది ఏది?

చక్కెర గిన్నె పక్కన ఉన్న పెద్ద బిళ్ళల అట్ట వైపు చూసింది. చేతులు తుడుచుకుని అట్ట తిప్పి పేరు చదివింది. సిప్రోఫ్లాక్సాసిన్. తర్వాత గిన్నె మూత తీసింది. చిన్న తెల్ల బిళ్ళలు విడిగా, బఠాణీల్లా పోసి ఉన్నాయి. పెట్టె లేదు, పేరు లేదు. వీటి పెట్టె ఈ ఇంట్లో ఎప్పుడూ చూడలేదని ఆమెకి అప్పుడే తట్టింది. మంచీ చెడూ అన్ని పెట్టెలూ దాచే అత్తగారు ఈ పెట్టెని మాత్రం ఎందుకు దాచలేదు?

చిన్న బిళ్ళ ఒకటి కాగితంలో చుట్టింది.

*

ఊరి డాక్టరమ్మ సెలవు ముగించుకుని వచ్చిన మొదటి రోజది. స్మరాండ పెందలాడే వెళ్ళినా బెంచీ అప్పటికే నిండింది. తన వంతు వచ్చాక అట్టా, కాగితం పొట్లం బల్ల మీద పెట్టి, వాపు సంగతి, రెండు మడమల సంగతి చెప్పింది.

డాక్టరమ్మ అట్ట చూసింది. పొట్లం విప్పింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ అట్ట ఎవరిచ్చారు?"

"ఆదివారం క్లినిక్కులో ఉన్నాయన."

"ప్రెడ్నిసోన్ వాడుతున్న మనిషికి ఇది ఎలా రాశాడు?"

"ప్రెడ్నిసోన్ అంటే?"

డాక్టరమ్మ పొట్లంలోని చిన్న బిళ్ళని వేలితో చూపించింది. "కార్టిజోన్ అంటారే, ఆ స్టెరాయిడ్. మీ మామగారు చేతులెత్తి తల దువ్వుకోలేని రోజుల్లో పెట్టాం. ఇంకా వాడుతున్నాడు. నీకు తెలీదా?"

"నడుం బిళ్ళలన్నారండీ."

"అన్నారూ?" డాక్టరమ్మ నిట్టూర్చింది. "చూడమ్మా. పిక్క కండని మడమ ఎముకకి కలుపుతూ వెనక ఒక తాడు ఉంటుంది. నడిచినా, మెట్లెక్కినా, మీ సారె తన్నినా లాగేది ఆ తాడే. ఈ జాతి యాంటీబయాటిక్కులు కొందరిలో ఆ తాడుని దెబ్బతీస్తాయి. అందరికీ కాదు. అరవై దాటిన వాళ్ళకి భయం ఎక్కువ. కార్టిజోన్ కూడా వాడుతుంటే ఇంకా ఎక్కువ. ఒక్కోసారి రెండు కాళ్ళకీ వస్తుంది. ముందు నొప్పి, వాపు. లెక్కచేయకుండా తిరిగితే తెగుతుంది. టప్పుమని చప్పుడు కూడా వినిపిస్తుంది."

"తెగితే?"

"ఆ వయసులో మళ్ళీ సారె మీద కూర్చోవడం గురించి మాట్లాడుకోం." ఆవిడ లేచి నిలబడింది. "ఈ పెద్ద బిళ్ళ ఇక ఒక్కటి కూడా వద్దు, వేరేది రాస్తాను. కాలు కింద పెట్టొద్దు. రుద్దొద్దు, లాగొద్దు. చిన్న బిళ్ళ మాత్రం ఆపొద్దు, అది ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం. ఇక్కడ వాళ్ళని చూసి మధ్యాహ్నం నేనే వస్తాను. ఆ క్లినిక్కుకి కూడా ఫోన్ చేస్తాను. వేరే మందులేం వాడుతున్నాడని అడగలేదా అని అడుగుతాను."

"అడిగే ఉంటాడండీ," అంది స్మరాండ. ఎందుకలా అందో అప్పుడు తనకే తెలీదు. గుమ్మం దాటాక తెలిసింది. ఆస్పత్రుల్లో మామగారు నోరు విప్పడు. డాక్టరు ఏమడిగినా జవాబు చెప్పేది అత్తగారే.

లాగొద్దు అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తుదోరా వస్తానంది ఇవాళ పొద్దున్నే.

స్మరాండ పరిగెత్తింది. పెళ్ళయ్యాక ఈ వీధిలో ఆమె పరిగెత్తడం ఎవరూ చూడలేదు. కొట్టావిడ గుమ్మంలోకి వచ్చి మరీ చూసింది.

*

గ్లిగోర్ మంచం అంచున కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ స్టూలు మీద ఉన్నాయి. గదంతా సారా వాసన. తుదోరా చేతులు మోచేతుల దాకా మడిచి, కుడి పాదం మునివేళ్ళ దగ్గర ఒక చెయ్యి, మడమ కింద ఒక చెయ్యి పెట్టి, ఊపిరి పీలుస్తోంది.

"వద్దు!" అంది స్మరాండ. "పెద్దమ్మా, కాలు వదలండి!"

తుదోరా వదల్లేదు. "ఎందుకు వదలాలి?"

"డాక్టరమ్మ రుద్దొద్దంది, లాగొద్దంది. మధ్యాహ్నం వస్తోంది."

"గాలి కొట్టిన కాలికి డాక్టరెందుకమ్మా? డాక్టర్లకి గాలి సంగతి ఏం తెలుసు? ఏం రోగమని చెప్పింది?"

స్మరాండ నోరు తెరిచింది. తుదోరా భుజం మీదుగా అత్తగారి ముఖం కనిపించింది. ఆవిడ చేతిలో చక్కెర గిన్నె ఉంది. చూడ్డానికి కాఫీ కలపడానికి తెచ్చినట్టే ఉంది. కానీ ఆవిడ దాన్ని రెండు చేతులతో కప్పి, పొట్టకి అదిమి పట్టుకుంది. స్మరాండకి అప్పుడు అర్థమైంది. పెట్టె ఎందుకు దాచలేదో, నడుం బిళ్ళ అన్న పేరు ఎందుకొచ్చిందో. ఈ వీధిలో ఎవరికైనా కార్టిజోన్ పెట్టారంటే, ఆ ఇంటి ముందు జనం గొంతు తగ్గించి నడుస్తారు. చివరి ఘడియల్లో పాదిరిని పిలిచే ముందు వేసే మందు అదేనని వాళ్ళ లెక్క. తుదోరా ఇక్కడ వింటే ఎగువ వీధికి మధ్యాహ్నానికల్లా చేరుతుంది.

"గాలేనండీ," అంది స్మరాండ. "నేను తీసిన కిటికీ గాలే. తప్పు నాది. కాబట్టి బాగుచేసే పూచీ కూడా నాదే. ఆ కాలు నాకు వదిలేయండి పెద్దమ్మా."

తుదోరా పాదాన్ని మెల్లగా స్టూలు మీద పెట్టింది. పట్నం పిల్ల నోటివెంట ఆ మాట వినడం ఆవిడకి ఎంత తృప్తినిచ్చిందంటే, సీసా కూడా అక్కడే వదిలేసి వెళ్ళింది.

గ్లిగోర్ కోడలి వైపు చూశాడు. "గాలి కాదు కదూ?"

"కాదు మామయ్యా. పడుకోండి. కాళ్ళు దిండు మీద పెట్టండి. దించకండి."

వంటింట్లో పరస్కీవ గిన్నె బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చుంది. తొక్కిన బూట్ల సంగతి, డాక్టరమ్మ అన్న మాటలు స్మరాండ ఉన్నదున్నట్టు చెప్పింది. గొంతు పెంచలేదు. విన్నంతసేపూ పరస్కీవ గిన్నె మూత అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

"అడిగాడు," అంది చివరికి. "ఇంకేమైనా మందులు వాడుతున్నాడా అమ్మా అని అడిగాడు. మంచి కుర్రాడు. రెండోసారి కూడా అడిగాడు. ఏమీ లేదు బాబూ, లిండెన్ పూల టీ తప్ప అన్నాను. మన వీధి అమ్మాయి ఒకత్తి అక్కడ తుడిచే పని చేస్తుంది. చీపురు పట్టుకుని గుమ్మంలోనే ఉంది." ఆవిడ గిన్నె మూత తీసింది. "ఇవన్నీ పారేస్తాను. ఇవే కదా చేశాయి."

"పారేయకూడదు అత్తయ్యా. అవి ఆపితే ఇంకా ప్రమాదమట. ఆపాల్సింది పెద్దవి."

"పెద్దవి పూట తప్పకుండా వేశాను. నా చేత్తో."

"మీకు తెలీదుగా."

"నీకూ తెలీదు. అయినా నువ్వు బూట్లు చూశావు." పరస్కీవ గిన్నెని కోడలి వైపు నెట్టింది. "ఇది నువ్వు ఉంచు. నా చేతికివ్వకు."

స్మరాండ గిన్నెని ఎప్పుడూ ఉండే చోటే, అత్తగారి చేతికందే అరలోనే పెట్టింది. "ఇన్నాళ్ళూ మీరే వేశారు. మీరే వేయండి. రేపు ఒక పెట్టెలో పోసి పేరు రాద్దాం, అంతే."

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చి గ్లిగోర్‌ని మంచం మీద బోర్లా పడుకోబెట్టింది. పాదాలు మంచం అంచు దాటి వేలాడుతున్నాయి. కుడి పిక్కని చేత్తో గట్టిగా నొక్కింది. పాదం కొద్దిగా ముడుచుకుంది. ఎడమ పిక్క నొక్కింది. అదీ కదిలింది.

"తెగలేదు," అంది. "తాడు పట్టు ఉంది కాబట్టే నొక్కితే పాదం కదిలింది. మంచి సమయానికి ఆగారు. కానీ నెలల మాట ఇది. ఈ వేసవంతా సారె లేదు. ఈ జాతి బిళ్ళ ఇక జన్మలో ముట్టుకోకూడదు. ఏ డాక్టరు అడిగినా ముందు ఆ మాట చెప్పాలి. కార్టిజోన్ మాట కూడా."

గ్లిగోర్ దిండులోంచే, "సంత?" అన్నాడు.

"సంతకి వెళ్ళొచ్చు. కుర్చీలో."

ఆయన డాక్టరమ్మ వెళ్ళాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పరస్కీవ మంచం పక్కన కూర్చుని, దుప్పటి ఆయన మడమలకి ఆనకుండా అంచు కాస్త పైకెత్తి మడిచింది. మళ్ళీ జారింది. మళ్ళీ మడిచింది.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి తుదోరా కూడా వచ్చింది. ఏ ఆదివారమైనా వస్తుంది. దోరు తండ్రిని రెండు చేతులా ఎత్తుకొచ్చి కుర్చీలో దింపి, కాళ్ళు ఇంకో కుర్చీ మీద దిండు వేసి పెట్టాడు. "పెళ్ళికూతుర్ని కూడా ఇలా ఎత్తలేదు నేను," అన్నాడు.

"బరువని కాదు, బద్ధకమని ఎత్తలేదు," అంది స్మరాండ, మొక్కజొన్న సంకటిని చెక్క మీద బోర్లించి దారంతో కోస్తూ.

కోడిమాంసం పుల్లచారు పొగలు కక్కుతోంది. గది ఉడికిపోతోంది. తుదోరా రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఇప్పుడు నయమే, మూసి ఉంచారు," అంది కిటికీ వైపు చూసి. "చూశావా స్మరాండా, పెద్దవాళ్ళ మాట వినకపోతే ఏమవుతుందో. సంత ముంగిట మనిషి ఇలా పడిపోయాడు."

స్మరాండ సంకటి ముక్క ఆవిడ పళ్ళెంలో పెట్టింది.

పరస్కీవ గరిటె చారులో వదిలి లేచింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, సందులో తను దూర్చిన గుడ్డ లాగేసింది. గడియ తీసింది. రెండు రెక్కలూ బార్లా తెరిచింది. వీధిలోంచి గాలి నేరుగా లోపలికి వచ్చి బల్లమీది గుడ్డ అంచు ఎగరేసింది. తుదోరా చటుక్కున చెవులు మూసుకుంది.

"పరస్కీవా! తలుపు కూడా తీసి ఉంది!"

"ఉండనీ." పరస్కీవ వెనక్కి వచ్చి, కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "గాలి ఏమీ చేయలేదు తుదోరా. చేసింది నేను. గ్లిగోర్ రెండు శీతాకాలాల నుంచి కార్టిజోన్ వేసుకుంటున్నాడు."

తుదోరా శిలువ గుర్తు వేసుకుంది.

"ఆ శిలువ వేసుకోవడం ఆపు. చావడం లేదు ఈయన. ఆ బిళ్ళ వల్లే చేతులెత్తి పళ్ళేలు చేస్తున్నాడు. అది ఎవరికీ తెలీకూడదని క్లినిక్కులో డాక్టరుకి అబద్ధం చెప్పాను. దానితో కలిసి పడని మందు ఆ డాక్టరు రాసిచ్చాడు. నేను పూట తప్పకుండా వేశాను. మడమల వెనక తాళ్ళు తెగిపోయేవి. నువ్వు ఒక్క గుంజు గుంజి ఉంటే నీ చేతుల్లోనే తెగేవి."

తుదోరా తన చేతుల వైపు చూసుకుని, వాటిని మెల్లగా బల్ల కిందికి దించింది.

"సంతకి వెళుతున్నాం," అంది పరస్కీవ. "సారె తీసుకెళ్ళం. ఈయన్ని అందరి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళు స్టూలు మీద పెట్టిస్తాను. పక్కన స్మరాండ కూర్చుని కొమ్ముతో రంగులు వేస్తుంది, జనం అది చూస్తారు. కాళ్ళకి ఏమైందని అడిగిన ప్రతివాళ్ళకీ ఈ మాటే చెబుతాను. ఏ మందు వేసుకుంటున్నాడో, ఏది వేసుకోకూడదో, రెండూ చెబుతాను. ఎగువ వీధి వాళ్ళు కూడా వినొచ్చు. నువ్వు ముందే చెప్పినా నాకేం అభ్యంతరం లేదు."

"నేనెవరికి చెబుతాను?" అంది తుదోరా సన్నగా.

దోరు చెంచా నోటి దగ్గర ఆపి తల్లినే చూస్తున్నాడు. గ్లిగోర్ గొంతు సవరించుకున్నాడు. చాలాసేపు ఆలోచించి, "కుర్చీలో కూర్చుంటే టోపీ వెనక్కి పెట్టుకోనా, ముందుకి పెట్టుకోనా?" అన్నాడు.

"నీ ఇష్టం," అంది పరస్కీవ. కూర్చుని గరిటె తీసుకుంది. మొదటి గరిటె చారు కోడలి గిన్నెలో పోసింది. "ఇంకోటి. ఈ వంటింటి కిటికీ ఇక నుంచి స్మరాండది. తీసినా, మూసినా ఎవరూ అడగరు." ఆగి, వేలెత్తి, "పని గదిది మాత్రం కాదు. పళ్ళేలు పగులుతాయి. అది వేరే సంగతి," అంది.

"సరే అత్తయ్యా," అంది స్మరాండ.

గాలి ఇంకోసారి లోపలికి వచ్చింది. పరస్కీవ చారు పోస్తూనే, రెండో చేత్తో తన భుజం మీది శాలువ తీసి, గ్లిగోర్ మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపింది.